కప్ప నెత్తుట్లో చక్కెర పెరిగిందంటే...

గత కార్తీకంలో మిరప తోటకు మందు కొట్టడానికి పోయిన మా వూరి కూలీ ఒకతను మధ్యాహ్నం వేళకు గట్టు మీద కూలబడ్డాడు. నోటి వెంట చొంగ, చూపు మసక, ఒళ్ళంతా చెమట. తోటివాళ్ళు ఆటోలో వేసుకుని టౌనులో ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడివాళ్ళు అట్రోపిన్ సూదులు వేసి ప్రాణం నిలబెట్టారు. అంతవరకు బాగానే వుంది. కాని ఇంటికి పంపేటప్పుడు, చేరిన నాడు రక్తంలో చక్కెర 260 వుంది కాబట్టి నీకు షుగరు జబ్బు వుందని చెప్పి, జీవితాంతం వాడమని మాత్రలు రాసిచ్చారు. ఆ మనిషి వయసు 34 ఏళ్ళు. అంతకు ముందు ఏ జబ్బూ ఎరగడు.

తరువాత జరిగిన సంఘం సమావేశంలో అతని భార్య లేచి అడిగింది: "తిని కూర్చునేవాళ్ళకు గదన్నా షుగరు వచ్చేది? మా ఇంట్లో తినేదెవరు, కూర్చునేదెవరు?"

నా దగ్గర జవాబు లేదు. నేను చదివింది పదో తరగతి. ఆ తరువాత చదువంతా సంఘం ఆఫీసులో, బస్సుల్లో, అరువు తెచ్చుకున్న పుస్తకాల్లో. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి అడిగితే, "ముందు కప్పను అర్థం చేసుకో, తరువాత మనిషి దగ్గరికి వద్దువుగాని" అన్నాడు. వేళాకోళం చేస్తున్నాడనుకున్నాను. చదివిన కొద్దీ ఆయన చెప్పిందే సరైన దారి అని తెలిసింది. అందుకని ఈ వారం కూలి రేట్ల సంగతి పక్కన పెట్టి కప్ప సంగతి రాస్తున్నాను. చివరికి మన సంగతే వస్తుంది, ఓపిక పట్టండి.

కాలేయం ఒక పాతర

మాగాణిలో పనిచేసేవాళ్ళకు కప్పను పరిచయం చేయనక్కర లేదు. నాట్లు వేస్తుంటే కాళ్ళ సందున ఎగిరేదీ, తొలకరి రాత్రి చెవులు చిల్లులు పడేలా అరిచేదీ అదే. మన మళ్ళలో పెద్దది బావురుకప్ప. కప్పకు మనలాగ ఒంట్లో సొంత వేడి లేదు. బయట నీరు చల్లనైతే అదీ చల్లన, బయట ఎండ మండితే అదీ మండవలసిందే. దాని చర్మం నీటిని ఆపదు, గాలిని ఆపదు. కప్ప నోటితో నీళ్ళు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. వూపిరిలో కొంత భాగం కూడా చర్మం నుంచే. అంటే చుట్టూ వున్న లోకానికీ దాని నెత్తురుకూ మధ్య పలచటి పొర తప్ప అడ్డేమీ లేదు. చుట్టూ వచ్చిన ప్రతి మార్పూ మొదట దాని నెత్తుట్లో తెలుస్తుంది.

ఏం తెలుస్తుంది? ముఖ్యంగా చక్కెర లెక్క మారుతుంది.

తిన్న తిండిలో మిగులును కాలేయం దాచిపెడుతుంది. దాచేటప్పుడు చక్కెర రూపంలో దాచదు. చక్కెర రేణువులను గొలుసుగా కట్టి గ్లైకోజెన్ అనే పిండిపదార్థంగా మారుస్తుంది. ఈ సంగతి 1850 ప్రాంతాల్లో బయటపెట్టినవాడు ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్. పాత రోజుల్లో మన పెద్దలు గింజలు పాతరలో పోసి మూత వేసేవారు గదా, కాలేయం చేసేది ఆ పనే. కప్పకైనా మనిషికైనా పద్ధతి ఒకటే.

కప్పకు కష్టం వచ్చింది. పాము నీడ పడింది, లేదా నీళ్ళు ఆరిపోతున్నాయి, లేదా నీటిలో గాలి తగ్గింది, లేదా ఎవరో పట్టి గోతాంలో వేశారు. అప్పుడు మూత్రపిండాలకు అంటుకుని వున్న అడ్రినల్ గ్రంథి నుంచి అడ్రినలిన్ నెత్తుట్లోకి దూకుతుంది. అది కాలేయం దగ్గరికి పోయి పాతర మూత తీయమంటుంది. గ్లైకోజెన్ గొలుసు తెగి చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. గుండెకూ మెదడుకూ కండలకూ కావలసిన ఇంధనం సిద్ధం. దూకి పారిపోవాలన్నా, బిగబట్టి దాక్కోవాలన్నా ఆ చక్కెరే ఆధారం.

కష్టం త్వరగా తీరకపోతే రెండో పనివాడు దిగుతాడు. వాడి పేరు కార్టికోస్టిరాన్. ఇదీ ఆ గ్రంథిదే. ఇది నెమ్మదిగా పనిచేస్తుంది గాని దీని పని కఠినం. పాతరలో గింజలు అడుగంటితే కండల్లోని మాంసకృత్తులను కరిగించి చక్కెర చేయిస్తుంది. పొయ్యిలోకి పుల్లలు లేక ఇంటి దూలాలు పీకి మంట పెట్టినట్టన్న మాట.

కాబట్టి కప్ప నెత్తుట్లో చక్కెర పెరగడం దానంతటది జబ్బు కాదు. కష్టం వచ్చిందనీ, నిల్వ ఖర్చవుతున్నదనీ దాని అర్థం. ఎంత పెరిగింది అన్న దానికన్నా, కష్టం ఎన్నాళ్ళు వుంది, పాతర తిరిగి నింపుకునే వ్యవధి దొరికిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. నాకు ఈ వ్యవహారమంతటిలో ముఖ్యమనిపించింది ఇదే.

మంచుగడ్డగా మారి బతికే కప్ప

ఈ చక్కెర ఎంత పని చేయగలదో చూడాలంటే మన దేశం దాటి కెనడా, అలాస్కా అడవులకు పోవాలి. అక్కడ చెట్ల కింద రాలుటాకుల్లో వుండే చిన్న కప్ప ఒకటి వుంది. అరచేతిలో పట్టేంత. దాన్ని అడవికప్ప అంటారు. శీతాకాలం వస్తే అది లోతుకు పోదు, ఆకుల కిందే పడుకుంటుంది. ఆకుల కింద కూడా నీరు గడ్డకట్టే చలి. కప్ప కూడా గడ్డకడుతుంది. మాటవరసకు చెప్పడం కాదు. దాని ఒంట్లోని నీటిలో మూడింట రెండు వంతుల దాకా మంచుగడ్డ అవుతుంది. గుండె ఆగిపోతుంది. వూపిరి వుండదు. తట్టి చూస్తే రాయిలా వుంటుంది. వసంతంలో మంచు కరిగాక మొదట గుండె కొట్టుకోవడం మొదలవుతుంది, తరువాత వూపిరి, ఆ తరువాత కాళ్ళు. లేచి గుంటకు పోయి జతకడుతుంది.

దీని గుట్టు చక్కెర. ఒట్టావా నగరంలోని కార్ల్టన్ విశ్వవిద్యాలయంలో కెన్నెత్ స్టోరీ, జానెట్ స్టోరీ అనే శాస్త్రజ్ఞ దంపతులు 1980లలో మొదలుపెట్టి దశాబ్దాల తరబడి ఈ కప్పను పరిశోధించారు. చర్మం మీద మొదటి మంచు పలుకు ఏర్పడిన కొద్ది నిమిషాల్లోనే కాలేయంలో గ్లైకోజెన్ విరగడం మొదలవుతుంది. చక్కెర నెత్తుట్లోకి కుమ్మరించినట్టు వస్తుంది. మనకు పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తంలో 70 నుంచి 100 మిల్లీగ్రాముల చక్కెర వుంటే సరి అంటారు. గడ్డకట్టిన ఆ కప్పలో మూడు నాలుగు వేల మిల్లీగ్రాముల దాకా వుంటుంది. మనిషైతే అందులో మూడో వంతుకే స్పృహ తప్పి చావు దాకా పోతాడు. కప్పకు మాత్రం ఆ చిక్కటి చక్కెర పాకం జీవకణాల లోపల నీరు గడ్డకట్టకుండా కాపలా కాస్తుంది. మంచు కణాల బయట ఏర్పడుతుంది, లోపలికి రాదు. అవయవాలు పగలవు.

మంచు కరిగాక ఆ చక్కెర ఏమవుతుంది? కాలేయం దానిలో చాలా భాగం తిరిగి గ్లైకోజెన్‌గా కట్టి లోపల వేసుకుంటుంది. అప్పు తెచ్చిన గింజలు కోతలు కాగానే తిరిగి కొలిచినట్టు. అయితే ఒక షరతు వుంది. శరదృతువులో కడుపునిండా పురుగులు తిని కాలేయాన్ని గ్లైకోజెన్‌తో నింపుకున్న కప్పే ఈ పని చేయగలదు. పాతర ఖాళీగా వున్న కప్ప చలికి చస్తుంది.

నీరు ఆరినా అంతే

మన దగ్గర మంచు పడదు గదా, ఈ గోలంతా మనకెందుకు అనవచ్చు. ఇక్కడే అసలు సంగతి వుంది. కప్పను గడ్డకట్టించకుండా, వూరికే ఒంట్లో నీరు తగ్గేలా ఆరబెట్టి చూశారు. అప్పుడు కూడా కాలేయం చక్కెర వదిలింది. జన్మలో గడ్డకట్టని జాతి కప్పల్లోనూ నీరు తగ్గితే చక్కెర పెరగడం కనిపించింది. మంచు కట్టడమంటే కణాల నుంచి నీరు బయటికి పోవడమే గదా. అందుచేత అడవికప్ప నేర్చిన విద్యకు మూలం ఎండకు తట్టుకునే పాత విద్యేనని స్టోరీ దంపతులు భావించారు. అంటే కప్ప జాతికి కరువును ఎదుర్కొనే పాత ఆయుధం నెత్తుట్లో చక్కెర.

మన పల్లెల్లో వానలు రాకపోతే కప్పతల్లి ఆట ఆడేవారు. రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, ఇంటింటికీ తిప్పితే ఆడవాళ్ళు బిందెతో నీళ్ళు పోసేవారు. నమ్మకం సంగతి వదిలేయండి. కట్టేసిన ఆ కప్ప నెత్తురు పరీక్షిస్తే చక్కెర ఎక్కువే వుండేది, అటు ఎండా, ఇటు భయమూ. నీళ్ళు పోసిన అమ్మలు తమకు తెలియకుండానే దానికి వైద్యం చేశారు.

తోకకప్పల సంగతి మరీ ఆలోచించదగ్గది. అమెరికా ఎడారి ప్రాంతాల్లో వాన గుంటల్లో పెరిగే ఒక రకం కప్పల మీద రాబర్ట్ డెన్వర్ అనే శాస్త్రజ్ఞుడు 1990లలో పరిశోధన చేశాడు. గుంట ఎండిపోతుంటే తోకకప్పలో ఇవే ఒత్తిడి రసాయనాలు పెరిగి, అది గడువుకు ముందే కాళ్ళు తెచ్చుకుని గట్టెక్కుతుంది. ప్రాణం దక్కుతుంది. కాని పొట్టిగా, నిల్వ లేకుండా గట్టెక్కుతుంది. కరువు ఏడాది బడి మానిపించి పనికి తెచ్చిన పిల్లవాడు గుర్తుకొచ్చాడు నాకు. వాడూ ఆ ఏడాదికి గట్టెక్కుతాడు.

ఇప్పుడు లోకమంతా కప్పలకు గడ్డుకాలం. 2023 అక్టోబరులో శాస్త్రజ్ఞులు ప్రపంచంలోని 8,011 జాతుల ఉభయచరాలను, అంటే కప్పలనూ వాటి బంధువులనూ, లెక్క తీసి ఫలితం ప్రకటించారు. నూటికి 41 జాతులు అంతరించే ప్రమాదంలో వున్నాయి. 2004 తరువాత పరిస్థితి దిగజారిన జాతుల్లో నూటికి 39కి ముఖ్య కారణం వాతావరణ మార్పు అని తేల్చారు. ఎండ, కరువు అంటే కప్పకు ఏమిటో పైన చూశాం. ఒక ఎండాకాలం ముగిసి నేల తడిస్తే పాతర నింపుకుంటుంది. ఎండాకాలం పొడుగై, వాన ఆలస్యమై, వచ్చిన వాన రెండు రోజుల్లో ముంచిపోతే ఎప్పుడు నింపుకోవాలి?

గోతాల్లో పోయిన కప్పలు

మన దేశంలో కప్పల మీద ఇంకో దెబ్బ కూడా పడింది. కప్ప కాళ్ళు ఐరోపా, అమెరికా హోటళ్ళలో వేపుడు చేసుకుని తింటారు. అందుకోసం 1960ల నుంచీ మన బావురుకప్పలను కోట్ల సంఖ్యలో పట్టి, కాళ్ళు నరికి, వేల టన్నులు ఓడల్లో పంపారు. రాత్రిళ్ళు పెట్రోమాక్సు లైట్లు పట్టుకుని మళ్ళలో తిరిగి, కళ్ళు మిరుమిట్లు గొలిపి పట్టేవారు. పట్టినవాడికి దక్కింది చిల్లర, పంపినవాడికి డాలర్లు. పక్షి శాస్త్రజ్ఞుడు హుమాయూన్ అబ్దులాలి వంటివారు దీనికి వ్యతిరేకంగా పట్టుబట్టి రాశారు. కప్పలు తగ్గితే పైరు పురుగు పెరుగుతుంది, పురుగు పెరిగితే మందు కొనాలి, కప్ప కాళ్ళకు వచ్చిన విదేశీ ద్రవ్యం ఆ మందులకే పోతుందన్నది అప్పటి వాదన. 1985లో బావురుకప్ప వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఆంక్షలు వచ్చాయి. 1987లో మన ప్రభుత్వం ఎగుమతి నిషేధించింది. ఆ తరువాత ఆ వ్యాపారం ఇండోనేషియాకు మళ్ళింది. తినేవాడు తినడం మానలేదు.

కప్పలు పట్టడం ఆగింది గాని, మళ్ళలో మందు ఆగలేదు.

విషం చేసే పని

పురుగుమందుల్లో ఆర్గనోఫాస్ఫేట్లు అనే కుటుంబం వుంది. మోనోక్రోటోఫాస్, ఫోరేట్, ఎసిఫేట్, ప్రొఫెనోఫాస్, క్లోరోపైరిఫాస్ అన్నీ ఆ ఇంటివే. యుద్ధాల్లో వాడే నరాల విషవాయువులూ ఆ గోత్రానివే. ఇవి ఎట్లా చంపుతాయో తెలియడానికి మనకు సాయం చేసింది కూడా కప్పే.

1921లో ఆస్ట్రియాలో ఆటో లోవి అనే శాస్త్రజ్ఞుడు రెండు కప్పల గుండెలు తీసి ద్రవంలో వుంచాడు. ఒక గుండెకు పోయే నరాన్ని విద్యుత్తుతో కదిలిస్తే అది నెమ్మదించింది. దాని చుట్టూ వున్న ద్రవం తీసి రెండో గుండెకు పోస్తే అదీ నెమ్మదించింది. అంటే నరం తన మాటను ఒక రసాయనంతో చెబుతున్నదన్న మాట. ఆ రసాయనం ఎసిటైల్‌కోలిన్ అని తరువాత తేలింది. 1936లో ఆయనకు హెన్రీ డేల్‌తో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. కప్పలకు ఏమీ ఇవ్వలేదు.

నరం ఒక మాట చెప్పగానే ఆ రసాయనాన్ని తుడిచేసే ఎంజైము ఒకటి వుంటుంది. దాని పేరు కోలినెస్టరేజ్. ఆర్గనోఫాస్ఫేటు మందు పోయి ఆ ఎంజైము చేతులు కట్టేస్తుంది. చెప్పిన మాట తుడుపు పడదు. నరాలు ఆగకుండా అరుస్తూనే వుంటాయి. చొంగ కారడం, చూపు మసకబారడం, కండరాలు అదరడం, వూపిరాడకపోవడం అందువల్లనే. అడ్రినల్ గ్రంథిని తట్టి లేపేది కూడా ఆ ఎసిటైల్‌కోలినే. దానికీ ఆపకుండా పిలుపు పోతుంది. అడ్రినలిన్ వస్తుంది, పాతర మూత లేస్తుంది, చక్కెర నెత్తుట్లోకి వస్తుంది. మందు తగిలిన మనిషిలో షుగరు పెరగడానికి ఇది ముఖ్యమైన దారుల్లో ఒకటి. ఆసుపత్రుల్లో డాక్టర్లు చాలాకాలంగా చూస్తున్న విషయమే ఇది.

పురుగుమందు కలిసిన నీటిలో కప్పలను వుంచి మన విశ్వవిద్యాలయాల్లోనూ ఎన్నో పరీక్షలు చేశారు. అన్ని మందులకూ, అన్ని జాతులకూ ఫలితం ఒకేలా లేదు. కాని తరచుగా కనిపించే తీరు ఇది: మొదట కాలేయంలో గ్లైకోజెన్ తరుగుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. విషం రోజుల తరబడి సాగితే నిల్వ అడుగంటి, తరువాత చక్కెర కూడా పడిపోవచ్చు. అప్పుడు చూసినవాడు "చక్కెర మామూలుగానే వుంది, కప్ప బాగుంది" అనుకుంటే పొరపాటు. ఖాళీ పాతర ముందు నిలబడి అప్పులేమీ లేవని సంతోషించినట్టు. అందుకే నెత్తురు ఒక్కటే చూస్తే చాలదు, కాలేయం కూడా చూడాలంటారు.

ఇంకో పరిశోధన గురించి చెప్పి తీరాలి. 2001లో అమెరికాలో రిక్ రెల్యా అనే శాస్త్రజ్ఞుడు, తోటివాడొకరితో కలిసి, తోకకప్పలను కార్బరిల్ మందు కలిపిన నీటిలో పెంచాడు. కొన్ని తొట్లలో తోకకప్పలను తినే జంతువు వాసన కూడా వుండేలా చూశాడు. జంతువు వాటిని తినలేదు, ముట్టలేదు. దాని వాసన మాత్రమే. ఆ భయం వున్న తొట్లలో అదే మందు రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ ప్రాణాంతకమైంది. కంపెనీవాళ్ళు ఒక మందు ఎంతవరకు ప్రమాదం లేదో తేల్చేటప్పుడు చల్లని గదిలో, శుభ్రమైన నీటిలో, కడుపునిండా తిన్న జంతువు మీద తేలుస్తారు. ఆ లెక్క పొలంలో చెల్లుతుందా? పొలంలో కప్పకు మందుతో బాటు ఎండ వుంది, ఆకలి వుంది, కొంగ వుంది.

మందు కొట్టే మనిషికో? నెత్తిన ఎండ, పరగడుపు, వీపు మీద డబ్బా, సాయంత్రానికి ఎకరాలు పూర్తి కాకపోతే కూలి తెగుతుందన్న భయం. తోకకప్ప ఫలితం మనిషికి అచ్చంగా వర్తిస్తుందని నేననను. కాని మనిషి మీద ఆ లెక్క ఎవరు తీశారని అడిగే హక్కు మనకుంది. చర్మం సంగతి కూడా చూడండి. మందు కొట్టేవాడి ఒంట్లోకి మందు ఎక్కువగా పోయేది చర్మం నుంచే. చెమటతో తడిసిన చొక్కా వీపుకంటుకుని, పైన డబ్బా కారుతుంటే, మన చర్మం కూడా కప్ప చర్మంతో సమానమవుతుంది. 2017లో మన ఆదిలాబాదుకు ఆనుకుని వున్న యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు.

షుగరు ఎవరి జబ్బు?

ఒక్కసారి తగిలిన మందు సంగతి ఇది. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తగిలితే? 2017లోనే మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రకటించారు. మదురై పక్కన తిరుమంగళం తాలూకా పల్లెల్లో 3,080 మందిని పరీక్షించారు. పురుగుమందులు తరచుగా తగిలేవారిలో నూటికి 18 మందికి షుగరు వుంది. తగలనివారిలో నూటికి 6 మందికే. తరువాత ఎలుకలకు ఆరు నెలలు మోనోక్రోటోఫాస్ కొద్ది మోతాదులో ఇచ్చి చూస్తే వాటికీ చక్కెర అదుపు తప్పింది. పేగుల్లోని బాక్టీరియా ఆ మందును విరగ్గొట్టి ఎసిటిక్ ఆమ్లం వంటివి తయారుచేస్తున్నదనీ, దానితో కాలేయం చక్కెర తయారీ పెంచుతున్నదనీ వాళ్ళు చెప్పారు. పల్లెల్లో తీసిన లెక్క ఒక్కదానితో మందే కారణమని రుజువైపోదు. తిండి మారింది, కోటా బియ్యం తప్ప పప్పూ కూరా లేని పళ్ళాలున్నాయి, వంశంలో వచ్చేది వుంది. కాని షుగరు తిని కూర్చునేవాడి జబ్బు అన్న మాట ఆ పల్లెల లెక్క ముందు నిలవదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. ఫోరేట్ గుళికలు 2020 డిసెంబరు ఆఖరుతో ఆగాయి. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావకాన్ని నిలిపివేస్తూ 2023లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. కాని ఒకటి ఆగితే దాని తమ్ముడు ఇంకో పేరుతో దుకాణంలో దొరుకుతాడు. డబ్బా మోసేవాడికి పేరు మారిందని తెలియను కూడా తెలియదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఈ మందులతో తరచుగా పనిచేసే కూలీలకు 1974 నుంచీ ఒక ఏర్పాటు వుంది. పని మొదలుకాక ముందే నెత్తుట్లో కోలినెస్టరేజ్ ఎంత వుందో కొలుస్తారు. పని సాగుతున్న కొద్దీ మళ్ళీ కొలుస్తారు. ఒక హద్దు దాటి తగ్గితే ఆ మనిషిని మందు పని నుంచి తప్పించాలి. ఖర్చు యజమానిది. అది పెట్టుబడిదారీ దేశం. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు?

మన కూలీ సంగతికి వస్తాను. అతను రాసిచ్చిన మాత్రలు వేసుకుంటూ పనికి పోయాడు. పొద్దున తినకుండా పోయేవాడు గనక రెండుసార్లు చక్కెర పడిపోయి పొలంలో వణికి పడ్డాడు. మళ్ళీ మందు తగిలిందనుకున్నారు అందరూ. అప్పుడు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ డాక్టరమ్మ మొత్తం కథ విని, మూడు నెలల సగటు తెలిపే పరీక్ష రాసింది. హెచ్‌బిఎ1సి అంటారు దాన్ని. ఒక రోజు పెరిగిన చక్కెర దానిలో పెద్దగా తేలదు, నెలల తరబడి వున్నదే తేలుతుంది. అతనికి 5.4 వచ్చింది. 5.7 లోపు వుంటే జబ్బు లేనట్టే. కొన్ని రోజులు పరగడుపు చక్కెర కూడా చూసి, మాత్రలు ఆమే ఆపించింది.

ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్రలు ఆపవద్దు. అతనితో పాటు మందు కొట్టే మరో అయిదుగురికి కూడా అదే పరీక్ష చేయించాం. వారిలో ఇద్దరికి నిజంగానే షుగరు వుంది, ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. ఒకతను 22 ఏళ్ళుగా డబ్బా మోస్తున్నాడు. మందు తగిలి ఆసుపత్రిలో చేరినవాళ్ళు ఏ మందు కొట్టారో డాక్టరుకు చెప్పాలి, వీలైతే ఖాళీ డబ్బా వెంట తీసుకుపోవాలి. ఆ రోజు షుగరు ఎక్కువుందంటే, కొన్ని వారాలయ్యాక మళ్ళీ పరీక్ష రాయమని అడగాలి.

కోలినెస్టరేజ్ పరీక్ష మా వైపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో లేదు, పెద్దాసుపత్రికి పోవాలి. మందు పనికి పోయే 40 మంది పేర్లతో, సీజను మొదలుకాక ముందే ఒకసారి, మధ్యలో ఒకసారి ఆ పరీక్ష చేయించాలని జిల్లా వైద్యాధికారికి అర్జీ రాశాం. పైన సంతకాల్లో మొదటిది ఆ రోజు సమావేశంలో లేచి అడిగిన అమ్మది.